ఆల్వీ స్ట్రౌడ్ వేళ్లు గుర్తుపట్టిన ఓక్ చెట్లు

ఆల్వీ స్ట్రౌడ్ కళ్లు పోయింది ఒక ఓక్ మోడు వల్ల. దున్నే చోట అడ్డంగా ఉన్న ఆ మోడు కింద మందు కూరి, వత్తి ముట్టించి, పరిగెత్తుకుంటూ వచ్చి రాతిగోడ వెనక నక్కి కూర్చున్నాడు. అది పేలలేదు. పేలని మందు దగ్గరికి గంటసేపు పోకూడదని ఆ కొండల్లో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. ఆల్వీకీ తెలుసు. కానీ అవతల పొయ్యి మీంచి దించిన చిక్కుడు గింజలు చల్లారిపోతున్నాయి. ఒలీటా అప్పటికే రెండుసార్లు భోజనానికి కేకేసింది. ఆమె మూడోసారి కేకేస్తే ఎలా ఉంటుందో ఆల్వీకి ఆరేళ్ల కాపురంలో బాగా తెలుసు. అందుకని లేచివెళ్లి తొంగి చూశాడు.

అది 1952 ఏప్రిల్ నెల. మిసోరీ దక్షిణాన కొండల మధ్య బ్లేక్ ఫోర్డ్ అనే చిన్న ఊరు. ఆల్వీకి అప్పుడు ముప్ఫై ఒకటి. చేతులు, కాళ్లు, చెవులు, నోరు అన్నీ క్షేమంగా మిగిలాయి. కళ్లు రెండూ పోయాయి. తర్వాత్తర్వాత ఈ కథ తనే నవ్వుతూ చెప్పేవాడు.

“ఈ లోకంలో నేను ఆఖరున చూసింది ఒక కుళ్లిన మోడు. ఇంకాస్త అందమైందేదైనా చూసుంటే బాగుండేది.”

“నేను వాకిట్లోనే ఉన్నానుగా, ఇటు తిరిగి చూడాల్సింది,” అనేది ఒలీటా.

ఆ నవ్వు రావడానికి మాత్రం రెండేళ్లు పట్టింది. పట్నం ఆసుపత్రి నుంచి వచ్చాక ఆల్వీ వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. పదమూడో ఏట నుంచీ గొడ్డలి పట్టిన మనిషి. తండ్రితో కలిసి విస్కీ పీపాలకు కావలసిన ఓక్ మాను కొట్టి, బద్దలు చీల్చి అమ్ముకుని బతికిన మనిషి. అతనికి కుర్చీలో కూర్చోవడమే చేతకాదు. ఒలీటా మైలున్నర దూరంలోని చొక్కాల ఫ్యాక్టరీలో పనికి చేరింది. రోజంతా కాలర్లు కుట్టేది. సాయంత్రం వచ్చి మొక్కజొన్న రొట్టె కాల్చేది, కుండలో పంది కొవ్వు ముక్క వేసి ఆకుకూర ఉడికించేది. ఆల్వీ తినేవాడు, మళ్లీ వసారాలోకి పోయేవాడు. చర్చిలో ఆడవాళ్లు ఆమె చెయ్యి పట్టుకుని నిట్టూర్చేవారు. ఆ నిట్టూర్పులు ఆమెకు ఒళ్లు మంట.

మరుసటి సంవత్సరం అక్టోబరులో ఓక్ కాయలు రాలే కాలం వచ్చింది. రేకుల కప్పు మీద టపటపమని పడి, దొర్లి, వసారా నేల మీదికి జారేవి. పొద్దుపోక ఆల్వీ ఒక కాయ తీసి పళ్ల మధ్య పెట్టి పగలగొట్టాడు. పప్పు నాలుక్కి తగిలితే చేదు విషంలా ఉంది. ఉమ్మేశాడు. ఆ కాయ ఇంటి వెనక నల్ల ఓక్‌దని తెలుసు, అందులో వింతేమీ లేదు. కానీ చేతిలో మిగిలిన చిప్పలోకి బొటనవేలు పోయింది. చిప్ప లోపలి వైపు మెత్తగా, నూగునూగుగా, కోడిపిల్ల కడుపులా ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్లు చూసిన చెట్టు. ఆ చిప్పలో నూగు ఉంటుందని అతను ఏనాడూ ఎరగడు.

నేల తడుముతూ ఇంకో కాయ తీశాడు. అదీ నూగే. పదో కాయో పన్నెండో కాయో లోపల గాజులా నున్నగా తగిలింది. పప్పు రుచి చూస్తే చేదు తక్కువ, కాస్త వేరుశనగలా ఉంది. దొడ్డి అవతల ఉన్న తెల్ల ఓక్ నుంచి ఏ ఉడతో మోసుకొచ్చి పడేసిన కాయ అది. ఆల్వీ ఆ రెండు చిప్పల్ని రెండు చేతుల్లో పట్టుకుని, ఒలీటా వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.

ఆమె వచ్చి చెప్పులు విప్పుతుండగా అడిగాడు, కొండ మీంచి నాలుగు రకాల ఆకులు కోసుకొచ్చి పెడతావా అని.

“పొద్దున్నుంచీ కాలర్లు కుట్టి మెడలు పడిపోయాయి నాకు. ఇప్పుడు ఆకులు కొయ్యమంటావా? మేకవా ఏంటి నువ్వు?”

అన్నది గానీ, కోసుకొచ్చింది. వసారాలోంచి ఏడాదిన్నరగా ‘ఊఁ, ఉహూఁ’ తప్ప ఇంకో మాట రాని మనిషి ఏదో ఒకటి అడిగాడు కదా. ఆప్రాన్ నిండా తెచ్చి అతని ఒళ్లో పోసింది.

అక్కడ మొదలైంది ఆట. ఒలీటా ఒక్కో ఆకూ చేతికిస్తుంది, ఆల్వీ తడిమి ఏ ఓక్‌దో చెప్పాలి. తప్పు చెబితే ఆ పూట గిన్నెలు అతనే తోమాలి. మొదటి నెలంతా గిన్నెలు ఆల్వీయే తోమాడు. ఆకుల్ని కళ్లతో చూసి గుర్తుపట్టడం వేరు, వేళ్లతో గుర్తుపట్టడం వేరు. కళ్లు ఒక్క చూపులో ‘ఇదిగో’ అనేస్తాయి. వేళ్లకు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవాలి. మెల్లమెల్లగా చదివాడు. తెల్ల ఓక్ ఆకు పాయలు పసిపిల్లాడి వేళ్ల చివర్లలా గుండ్రంగా ఉంటాయి, ఆకు రెండు వైపులా నునుపు. ఎర్ర ఓక్, నల్ల ఓక్ ఆకు పాయల చివర వెంట్రుకంత ముల్లు తగులుతుంది. కంచె గుంజలకు వాడే గుంజ ఓక్ ఆకు గరుకుగా, చర్చి శిలువ లాగా అడ్డంగా చేతులు చాపుకుని ఉంటుంది. చింకపిన్ అనే ఓక్ ఆకు అంచు రంపం పళ్లు. బర్ ఓక్‌ను ఆకుతో పోల్చుకోవడం కష్టం గానీ, దాని కాయ టోపీకి దుప్పటి అంచులా కుచ్చులుంటాయి. దాన్ని నిద్రలో కూడా చెప్పవచ్చు.

ఒలీటా మోసాలు కూడా చేసేది. ఒకసారి ఒక ఆకు చేతిలో పెట్టింది. పాయల్లేవు, పళ్లూ లేవు, కోలగా, నున్నగా ఉంది.

“ఇది ఓక్ కాదే. సీమతుమికి ఆకు.”

“ఓక్ చెట్టుదే.”

“నాతో ఆటలాడకు.”

“ఓక్ అంటున్నాగా. గిన్నెలు అక్కడున్నాయి.”

ఆల్వీ ఒప్పుకోలేదు. మర్నాడు ఆమె అదే చెట్టు నుంచి కాయలున్న కొమ్మే విరుచుకొచ్చి ఒళ్లో పడేసింది. నిజంగా ఓక్ కాయలే. అతను ఆ ఆకును పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు వేలు తిప్పాడు. ఎట్టకేలకు దొరికింది. ఆకు కొసన ఒకే ఒక్క వెంట్రుక ముల్లు. అంటే ఎర్ర ఓక్ కులానిది. పాత రోజుల్లో ఇళ్ల కప్పులకు పెంకు చెక్కలు చీల్చిన ఓక్ అదే. ఆ రోజు అతను పాట పాడుతూ గిన్నెలు తోమాడు. ఒలీటా వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. పాట బాగాలేదు. అయినా అయ్యేదాకా కదల్లేదు.

మూడో చలికాలం వచ్చేసరికి గిన్నెలన్నీ ఒలీటావే అయ్యాయి. అప్పుడు ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది.

ఊరి చివర యోకం గారి సామిల్లు ఉండేది. అక్కడ తెల్ల ఓక్ దుంగల్ని కోసి పీపా బద్దలుగా చేసి, విస్కీ కాచేవాళ్లకు పీపాలు కట్టే కంపెనీకి పంపేవారు. తెల్ల ఓక్ కర్రలో సన్నసన్నటి గొట్టాలన్నీ లోలోపలే మూసుకుపోయి ఉంటాయి. పీపా కడితే చుక్క కారదు. ఎర్ర ఓక్ గొట్టాలు అలా కాదు, ఈ కొస నుంచి ఆ కొసదాకా తెరుచుకునే ఉంటాయి. ఎర్ర ఓక్ పీపాలో విస్కీ పోస్తే పొద్దున్నకల్లా నేల తాగేస్తుంది. వేసవిలో ఆకు చూసి ఎవడైనా చెప్తాడు. చలికాలం ఆకులు రాలిపోయి, దుంగలు బురద కొట్టుకుని వచ్చినప్పుడే చిక్కు. ఆ ఏడు యోకం మిల్లు నుంచి వెళ్లిన బద్దల్లో ఎర్రవి కలిసిపోయాయి. పీపాలు కారాయి. కంపెనీ నుంచి ఘాటైన ఉత్తరం వచ్చింది. దుంగలు పోల్చే పని చేస్తున్నది యోకం బావమరిది. ఆ ఉత్తరం వచ్చిన మర్నాడు అతనికి నడుం నొప్పి వచ్చి పని మానేశాడు.

ఒలీటా మధ్యాహ్నం భోజనం గంటలో ఫ్యాక్టరీ నుంచి నేరుగా మిల్లుకు నడిచివెళ్లింది.

“మీకు దుంగలు పోల్చే మనిషి కావాలట కదా, యోకం గారూ.”

“కావాలమ్మా. ఎవరున్నారు?”

“మా ఆయన.”

యోకం ముసలాడు మంచివాడే. ఆమెను నొప్పించకుండా ఎలా చెప్పాలా అని కాసేపు టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, “ఒలీటా, ఆల్వీకి కళ్లు లేవు గదమ్మా,” అన్నాడు.

“మీ బావమరిదికి రెండున్నాయి. వాటితో ఏం చేశాడు?”

యోకం శనివారం తీసుకురమ్మన్నాడు.

శనివారం ఊళ్లో పనిలేనివాళ్లంతా, పని ఉన్నవాళ్లలో సగం మంది మిల్లు దగ్గర చేరారు. జనవరి, నేల గడ్డకట్టి ఉంది. యోకం నలభై దుంగలు వరసగా పరిపించాడు. ముందుగానే ఇద్దరు ముసలి కోతగాళ్లను పిలిచి, ఏ దుంగ ఏ జాతిదో వాటి అడుగున సుద్దతో రాయించాడు. ఆల్వీ చలికోటు గుండీలు పెట్టుకుని, చేతి తొడుగులు తీసి ఒలీటాకిచ్చి, మొదటి దుంగ మీద చెయ్యి వేశాడు.

చెయ్యి వేసిన క్షణం భయం వేసిందట. ఇంట్లో గిన్నెల కోసం ఆడే ఆట వేరు. ఇక్కడ చుట్టూ బూట్ల చప్పుడు, పొగాకు వాసన, ఎవరో దగ్గి ఆపుకోవడం వినిపిస్తోంది. కానీ వేళ్ల కింద బెరడు తనకు తెలిసిన బెరడే. తెల్ల ఓక్ బెరడు అట్టలు అట్టలుగా అంచులు లేచి ఉంటుంది, గోరు పెడితే ఊడి వస్తుంది. నల్ల ఓక్ బెరడు రాయిలా, గట్టి గట్ల మధ్య గోతులతో ఉంటుంది. అనుమానం వచ్చిన చోట కోసిన కొసకు ముక్కు ఆనించాడు. తెల్లదానికి ఏదో తీపి పిండివంట వాసన, ఎర్రదానికి పులిసిన కంపు. ముప్ఫైఎనిమిది సరిగ్గా చెప్పాడు.

మిగిలిన రెండింటిలో ఒకదాన్ని ముసలివాళ్లు తెల్ల ఓక్ అని రాశారు, ఆల్వీ ఎర్రది అన్నాడు. గొడవయింది. అరవై ఏళ్ల నుంచి చెట్లు కోస్తున్నామని వాళ్లిద్దరూ లేచారు. ఆల్వీ వాదించలేదు. ఆ దుంగ నుంచి సన్నటి, ముడి లేని నిటారు పుల్ల ఒకటి చీల్చి ఇమ్మన్నాడు. ఒక రేకు గ్లాసులో నీళ్లు తెప్పించాడు. పుల్ల ఒక కొస నీళ్లలో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని ఊదాడు. తనకు కనపడదు కాబట్టి చుట్టూ ఉన్నవాళ్ల ఊపిరి కోసం చెవి పెట్టాడు. యోకం గ్లాసు మీదికి వంగాడు. “గంజి ఉడుకుతున్నట్టు ఉడుకుతున్నాయయ్యా బుడగలు,” అన్నాడు. ముసలివాళ్లలో ఒకడు తన కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

రెండో దుంగ విషయంలో తప్పు ఆల్వీదే. తెల్ల ఓక్ అన్నాడు, అది చింకపిన్. ఒప్పుకున్నాడు. “ఆకు లేకపోతే ఈ రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. నేను పొరబడ్డాను. కానీ చింకపిన్ కూడా నీళ్లు వదలదు, పీపాకి పెట్టొచ్చు. కావాలంటే దాన్నీ ఊదుతా.”

“వద్దులే. సోమవారం ఏడింటికి రా,” అన్నాడు యోకం.

ఆల్వీ ఆ మిల్లులో పదిహేడేళ్లు పనిచేశాడు. దుంగల గుట్టల మధ్య నడవడానికి నడుము ఎత్తున తాళ్లు కట్టారు. ఏడాది తిరిగేసరికి తాళ్లు అక్కర్లేకపోయినా ఎవరూ విప్పలేదు. పనివాళ్లు వాటి మీద తడి కోట్లు ఆరేసుకునేవారు. పీపాల కంపెనీ నుంచి ఘాటు ఉత్తరం మళ్లీ రాలేదు.

అతన్ని బోల్తా కొట్టించాలని చూసినవాళ్లు మాత్రం లేకపోలేదు. వాళ్లలో ముందుండేవాడు డ్యూయీ ప్రూయిట్. ఆల్వీతో కలిసి బడికి ఎగనామం పెట్టి చేపలు పట్టినవాడు. పెద్దయ్యాక లారీ కొనుక్కుని దుంగలు తోలేవాడు. మనిషి దొంగ కాదు గానీ, నిటారుగా పోయే దారి ఉంటే అతనికి తోచదు. ఆల్వీ వాసన చూసి కనిపెడతాడని విని, ఒకరోజు తెల్ల ఓక్ అనిపించాలని తన లారీలోని ఎర్ర ఓక్ దుంగల కొసలకు భార్య వంటింట్లోంచి వెనిల్లా ఎసెన్సు సీసా తెచ్చి పూసేశాడు. దర్జాగా లారీ నిలిపి దూలానికి ఆనుకుని నిలబడ్డాడు.

ఆల్వీ మొదటి దుంగ కొసకు ముక్కు ఆనించాడు. తీయలేదు. మళ్లీ పీల్చాడు.

“ఒరే డ్యూయీ.”

“ఏంటి?”

“దీన్ని ఓవెన్లోంచి ఎప్పుడు తీశావురా?”

“ఓవెనేంటి?”

“కేకు వాసనొస్తోంది. గుడ్లు కూడా వేశావా?”

మిల్లంతా రంపాలు ఆపి మరీ నవ్వింది. డ్యూయీ తనకేమీ తెలియదని బైబిలు మీద ఒట్టు పెట్టబోయాడు. ఆల్వీ చెయ్యెత్తి ఆపి, ఇంటికి పోయేటప్పుడు మీ ఆవిడకు ఇంకో సీసా కొని తీసుకెళ్లు, లేకపోతే నీకు ఈ వారం భోజనం ఉండదు అని సలహా ఇచ్చాడు. ఆ రోజు నుంచి డ్యూయీకి ఊళ్లో ‘వెనిల్లా’ అన్న పేరు స్థిరపడిపోయింది. చర్చిలో పాస్టరు కూడా ఒకసారి పొరపాటున అలాగే పిలిచాడు. విచిత్రమేమిటంటే ఆ తర్వాత వాళ్లిద్దరి స్నేహం ఇంకా గట్టిపడింది. ఆల్వీని ఎక్కడికి తీసుకెళ్లాలన్నా డ్యూయీ లారీయే.

1966 అక్టోబరులో ఊళ్లోకి డాక్టర్ విల్లా ఆస్ట్రాండర్ అనే ఆవిడ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. మగవాళ్ల బూట్లు, భుజానికి పెద్ద సంచి. విశ్వవిద్యాలయంలో చెట్ల శాస్త్రం చెప్తుంది, ఆ కొండల్లోని ఓక్ జాతులన్నిటి జాబితా రాస్తోంది. ఊరివాళ్ల చెవుల్లో ‘డాక్టర్’ అన్న ఒక్క మాటే పడింది. ఆవిడ దుకాణం ముందు కారు ఆపీ ఆపగానే ఒక ముసలావిడ మోకాలు చూపించింది. పాపం, డాక్టరమ్మ మోకాలు చూసి, వేడినీళ్ల కాపడం పెట్టమని చెప్పి, ఇక్కడ ఓక్ చెట్ల గురించి బాగా తెలిసినవాళ్లెవరని అడిగింది. నలుగురూ మిల్లు వైపు చూపించారు. ఒక్క సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆవిడ బూట్ల చప్పుడు తన ఎదుటికి వచ్చి ఆగి, మాట రాకపోవడం ఆల్వీ విన్నాడు. ఆ మౌనం అతనికి అలవాటే. కొత్తవాళ్లెవరైనా తన ముఖం చూసి తేరుకోవడానికి నాలుగు అంకెలు లెక్కపెట్టినంత సేపు పడుతుంది. లెక్కపెట్టుకుని, “సంచిలో ఏం తెచ్చారమ్మా?” అని అడిగాడు.

ఆవిడ సంచి విప్పింది. ఒకదాని తర్వాత ఒకటి పదకొండు కొమ్మలు చేతికిచ్చింది, అతను పదకొండూ చెప్పాడు. అప్పటికి ఆవిడ గొంతు మారిపోయింది. ఇద్దరూ దుంగ మీద కూర్చుని పిల్లల్లా మాట్లాడుకున్నారు. యోకం వచ్చి రెండుసార్లు గొంతు సవరించుకున్నా వినిపించుకోలేదు. మాటల్లో ఆల్వీ ఒక సంగతి చెప్పాడు. పెట్టస్ వాగు వంపులో ఒక ఓక్ ఉంది. చిన్నప్పుడు దాని కింద ఉడతల్ని వేటాడేవాడు. అది ఏ జాతో అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఏ జాతిలోనూ ఇమడడం లేదు. తండ్రి దాన్ని కంచరగాడిద ఓక్ అని తిట్టేవాడు. కళ్లు పోయాక అటు వెళ్లలేదు.

శనివారం డ్యూయీ లారీలో బయలుదేరారు. ఒలీటా బిస్కట్లు, వేయించిన కోడి కట్టి తెచ్చింది. దారి ఆల్వీయే చెప్పాడు. రాతిగుట్ట దాటి, ఊట పక్కనుంచి, వాగుకు ఎడమ ఒడ్డున వంద అడుగులు. అక్కడికి వెళ్లి చెయ్యి చాపితే నున్నటి బెరడు తగిలింది. తడిమి చూశాడు. సిక్కమోర్, ఓక్ కాదు.

“చెట్టు అలిగి పుట్టింటికి పోయిందా ఏంటి?” అన్నాడు డ్యూయీ.

ఆల్వీ చెవులు ఎర్రబడ్డాయి. డాక్టరమ్మను ఇంతదూరం నడిపించి తెచ్చి ఇదా చూపించడం. మళ్లీ ఊట దగ్గరికి వెళ్లి మొదలుపెడదామన్నాడు. అరగంట తిరిగారు. లాభం లేదు. అప్పుడు ఒలీటా, నీళ్ల వైపే చూస్తూ నిలబడ్డ మనిషి, “ఆల్వీ, నువ్వు పెళ్లికి ముందు చూసిన వాగు ఇది కాదు. ’57 వరదకి దారి మార్చుకుంది. నీ ఎడమ ఒడ్డు ఇప్పుడు కుడి ఒడ్డయింది,” అన్నది. బూట్లు విప్పి, పంట్లాలు మడిచి, మోకాలి లోతు చన్నీళ్లలో నలుగురూ చేతులు పట్టుకుని దాటారు. అవతల ఉంది చెట్టు. ఇద్దరు కలిసి చేతులు చాపినా అందనంత లావు.

డాక్టరమ్మ కొమ్మ వంచి ఒక్క చూపు చూసింది, సంబరపడిపోయింది. ఇది చిత్తడి నేలల తెల్ల ఓక్, ఉత్తరాదిది, ఇంత దక్షిణాన ఉంటుందని ఎవరూ అనుకోలేదు అన్నది. పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టింది. కాగితం మీద పెన్సిలు చప్పుడు వింటూ ఆల్వీ ఆకును వేళ్ల మధ్య తిప్పాడు. అడుగున మెత్తటి నూగు, అంచున మొద్దుబారిన పళ్లు. ఆవిడన్నది కుదురుతుంది. కానీ ఎక్కడో కుదరలేదు. మోకాళ్ల మీద కూర్చుని రాలిన ఆకుల్లో చేతులు పెట్టి వెతికాడు. ఒక కాయ టోపీ దొరికింది. అంచు చుట్టూ వేలు పోనిచ్చాడు.

“డాక్టరమ్మా, ఒక్క నిమిషం రాయడం ఆపండి.”

“ఏమైంది?”

“మీరు చెప్పే ఓక్‌కి కాయ పొడుగు తొడిమకి వేలాడుతుంది కదా, చెర్రీ పండులాగ?”

“అవును. కిందపడ్డప్పుడు తొడిమ విరిగిపోయి ఉంటుంది.”

ఆల్వీ డ్యూయీని చెట్టెక్కమన్నాడు. నాకు నలభైఆరేళ్లు వచ్చాయి, నా మోకాలికే కాపడం కావాలి అంటూనే డ్యూయీ ఎక్కాడు. కాయలున్న కొమ్మ ఒకటి చాకుతో కోసి జారవిడిచాడు. ఆల్వీ ముందు తను తడిమి, తర్వాత ఆవిడకిచ్చాడు. రెండు కాయలున్నాయి. తొడిమ లేదు. రెండూ రెమ్మకు అతుక్కుని కూర్చున్నాయి. టోపీల అంచున, పొట్టిగానే అయినా, కుచ్చులున్నాయి.

“టోపీ బర్ ఓక్‌ది. ఆకు అంచు చింకపిన్‌ది. దీని తల్లిదండ్రులు చెరొక జాతి వాళ్లు, డాక్టరమ్మా.”

ఈసారి ఆవిడ మౌనం నాలుగు అంకెలతో ఆగలేదు. సంచిలోంచి భూతద్దం తీసిన చప్పుడు, కొమ్మను తిప్పిన చప్పుడు. ఆల్వీ నలభై దాకా లెక్కపెట్టి వదిలేశాడు. చివరికి ఆవిడ ఆకుల మీద చతికిలబడి, పుస్తకంలోంచి ఆ కాగితం చింపేసింది.

“మీరన్నదే నిజం. నేను తొందరపడ్డాను. సంకరం ఇది. ఇలాంటిది నా కళ్లతో చూడటం ఇదే మొదలు.”

“నేను ఇంకా చూడనే లేదు,” అన్నాడు ఆల్వీ. అందరికంటే ముందు ఆవిడే నవ్వింది.

బిస్కట్లు తింటూ ఆల్వీ తండ్రి గురించే ఆలోచించాడు. కంచరగాడిద అంటే ఏమిటి, గుర్రానికీ గాడిదకూ పుట్టింది. సంతకం కూడా రాని తన తండ్రి ముప్ఫై ఏళ్ల కిందటే ఆ చెట్టు సంగతి తెలుసుకున్నాడు. తెలుసుకుని, దానికి తగిన పేరే పెట్టాడు. కొడుకు అది తిట్టనుకున్నాడు. ఈ మాట ఒలీటాతో చెప్తే, ఆమె కోడి కాలు అతని చేతిలో పెట్టి, మీ నాన్న నన్ను కూడా అలాగే పిలిచేవాడు మరి, దానికేమంటావు అన్నది.

ఫిబ్రవరిలో డాక్టరమ్మ దగ్గర్నుంచి కవరు వచ్చింది. ఆ కొమ్మను అట్టకు కుట్టి విశ్వవిద్యాలయం బీరువాలో పెట్టారు. అట్ట మూల అంటించిన చీటీకి ఇంకో ప్రతి తయారుచేయించి పంపింది. ఒలీటా పొయ్యి పక్కన నిలబడి చదివింది. చెట్టు పేరు లాటిన్‌లో ఉంది, దాన్ని నోరు తిరిగినట్టు చదివి వదిలేసింది. ఆ తర్వాత రెండు వరసలు నెమ్మదిగా చదివింది. సేకరించినవారు: ఎ. స్ట్రౌడ్. జాతి నిర్ణయించినవారు: ఎ. స్ట్రౌడ్.

ఆల్వీ మళ్లీ చదవమన్నాడు. చదివింది. ఇంకోసారి చదవమన్నాడు. ఆమె చదివి, పొయ్యి పొగ కళ్లలోకి కొడుతోందన్నది.

“చోటు ఎక్కడని రాసింది?”

“పీటర్స్ వాగు.”

“పీటర్సా?”

“అలాగే ఉంది.”

“పెట్టస్‌ని పీటర్స్ చేసిందా! ఆవిడకి కళ్లున్నాయి కదే.”

ఆ మధ్యాహ్నమే ఒలీటా చేత ఉత్తరం రాయించాడు. మర్యాదగానే రాయించాడు గానీ, వాగు పేరు రెండుసార్లు పెద్ద అక్షరాల్లో వేయించాడు. మార్చిలో దిద్దిన చీటీ వచ్చింది, క్షమించమని ఒక ముక్క రాసి ఉంది. ఒలీటా దాన్ని వంటింటి గోడకు మేకు కొట్టి తగిలించింది. ఇంటికొచ్చిన ప్రతివాడూ దాన్ని చదివి వినిపించాల్సిందే. ఆల్వీ వింటూ కాఫీ తాగేవాడు. అందరికంటే గట్టిగా చదివేవాడు డ్యూయీ.

వేసవిలో ఒకరోజు పాస్టరు వచ్చి ఆ చీటీ చదువుతూ చివర్లో ఆగిపోయాడు. కింద పెన్సిలుతో ఇంకో వరస ఉంది, ఇదెవరు రాశారని అడిగాడు. ఒలీటా వచ్చి చూసింది. వంకర అక్షరాల్లో ఉంది: చెట్టెక్కి కొమ్మ కోసినవారు: డి. ప్రూయిట్.

చెరిపేస్తానని ఒలీటా రబ్బరు కోసం వెతుకుతుంటే ఆల్వీ కాఫీ కప్పు కింద పెట్టాడు.

“ఉండనీ. వాడు రాసినవాటిలో అదొక్కటే నిజం.”